ఎవరి మాట వింటోంది మన మనసు?

హిప్నాటిజం అన్న మాట చెవిన పడగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది స్టేజీ మీది ఇంద్రజాలికుడు. ఆయన చెయ్యి ఊపగానే కాలేజీ కుర్రాడు కుర్చీలో వాలిపోవడం, పచ్చి ఉల్లిపాయని ఆపిల్ పండనుకుని కొరుక్కు తినడం, హాలంతా ఒకటే నవ్వులు. అదీ కాకపోతే వశీకరణం, చేతబడి, జాతరలో పూనకం గుర్తొస్తాయి. ఏదైతేనేం, ఎవరో వచ్చి మన మనసుని లొంగదీసుకుంటారన్న భయం మాత్రం అందరికీ ఉంది. "అమ్మో, లోపలున్నవన్నీ కక్కేస్తామటగా!" అని ఆడవాళ్ళు మరీ జంకుతారు. సగం మాటలు లోపలే దాచుకుని సంసారాలు నెట్టుకొచ్చేది మనమే కదా మరి!

ఆ భయం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక్క ప్రశ్న. ఇంతకాలం ఎవరి మాటకీ లొంగకుండానే బతికామా మనం?

"నల్లపిల్ల, కట్నం ఎక్కువ పొయ్యాలి." "దీని బుర్రకి లెక్కలెక్కవు." "ఆడపిల్ల గొంతు వీధిలోకి వినపడకూడదు." "మా కోడలికేం తెలీదండీ, వట్టి అమాయకురాలు." ఇవన్నీ చెప్పడానికి ఏ మంత్రగాడూ రానక్కర్లేదు. జడ వేస్తూ అమ్మమ్మ, అన్నం వడ్డిస్తూ మేనత్త, పలక దిద్దిస్తూ మాస్టారు, అందరూ మనం నమ్మినవాళ్ళే. ఎదురు చెప్పడం తెలియని వయసులో, ఒకటికి పదిసార్లు చెప్పిన మాటలివి. నమ్మిన మనిషి, ఎదురాడని మనసు, మళ్ళీ మళ్ళీ వినపడే మాట. ఇంతకన్నా పెద్ద హిప్నాటిజం ఎక్కడుంటుంది చెప్పండి? నలభయ్యో ఏట బ్యాంకు కౌంటరు ముందు సంతకం పెట్టబోతే చెయ్యి వణికిందంటే, దానికి కారణం ఎదురుగా కూర్చున్న గుమాస్తా కాకపోవచ్చు. ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందట విన్న మాట కావచ్చు.

మాటకి ఇంత బలం ఉందని పెద్ద పెద్ద వైద్యులు కూడా చాలా ఆలస్యంగానే ఒప్పుకున్నారు. పద్ధెనిమిదో శతాబ్దంలో మెస్మర్ అనే వైద్యుడు, తనలోంచి ప్రవహించే ఒక రకం అయస్కాంతశక్తితో రోగాలు నయం చేస్తున్నానని పారిస్ నగరాన్ని ఊపేశాడు. 1784లో ఫ్రాన్సు రాజు దీని నిగ్గు తేల్చమని పండితుల సంఘం వేశాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా అందులో ఉన్నారు. అయస్కాంతమూ లేదు, పాడూ లేదు, ఇదంతా రోగి ఊహాశక్తి చేస్తున్న పనేనని వారు తేల్చారు. దాంతో మెస్మర్ పరువు పోయింది. కానీ రోగి ఊహే అంత పని చేస్తే అది మాత్రం చిన్న సంగతా?

హిప్నాటిజం అన్న పేరుని 1840లలో వాడుకలోకి తెచ్చినవారు జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లండు సర్జను. నిద్ర అనే అర్థమున్న గ్రీకు మాటలోంచి వచ్చిందా పేరు. తీరా చూస్తే అది నిద్ర కానే కాదని, మనసు ఒకే ఆలోచన మీద నిలిచిపోవడమని ఆయనకే తర్వాత అర్థమైంది. పేరు మార్చబోయారు గానీ అప్పటికే జనం నోళ్ళలో పాతది నానిపోయింది. ఆ రోజుల్లోనే, 1845లో, మన దేశంలో, బెంగాల్‌లోని హుగ్లీలో, జేమ్స్ ఎస్డెయిల్ అనే డాక్టరు ఈ పద్ధతిని ఉపయోగించి ఆపరేషన్లు చేశారు. అప్పటికింకా మత్తుమందులు వాడుకలోకి రాలేదు. 1955లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్, 1958లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీనికి వైద్యంలో చోటుందని అంగీకరించాయి. 1984లో మాంచెస్టర్ వైద్యులు, పరీక్షల్లో ఏమీ కనపడకుండా ఏళ్ళ తరబడి పీడించే పేగుల బాధకి హిప్నాసిస్ పనిచేస్తుందని చూపించారు. "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి, నీదంతా మనోవ్యాధి" అనిపించుకుని కడుపు పట్టుకుని ఇంటికొచ్చిన ఆడవాళ్ళెందరో మనకి తెలుసు కదా, ఆ బాధే ఇది.

మన తెలుగునాట ఈ విద్యని స్టేజీ మీంచి దింపి కౌన్సెలింగ్ గదిలోకి తీసుకెళ్ళినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు బి.వి.పట్టాభిరామ్ గారిది. కాకినాడలో చదువుకునే రోజుల్లో ఇంద్రజాలం నేర్చుకున్న ఆయన, ఆ తర్వాత హిప్నాటిజాన్ని, మనస్తత్వశాస్త్రాన్ని చేపట్టి, వ్యక్తిత్వ వికాసం మీద ఎన్నో పుస్తకాలు రాశారు. 2025లో కన్నుమూశారు.

ఇంతకీ ఆ గదిలో జరిగేదేమిటి? రావులపాలెం వైపు పల్లెలో నాకు తెలిసిన ఒకావిడ ఉన్నారు. డ్వాక్రా గ్రూపులో పదిమందీ కలిసి ఆవిణ్ణి లీడరుగా పెట్టుకున్నారు. లెక్కల్లో పైసా తేడా రానివ్వరు. కానీ మండలం మీటింగులో లేచి ఆ లెక్కలు చదవమంటే చాలు, నోరు పిడచకట్టుకుపోయి, కళ్ళు తిరిగి కూలబడిపోయేవారు. నర్సుగా పనిచేసే కూతురు రాజమండ్రిలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన మాటలతో చేసే చికిత్సలో భాగంగా హిప్నాసిస్ కూడా వాడారట. ఎలా ఉందని అడిగితే ఆవిడ చెప్పిన మాటలివి:

"నిద్రేం పట్టలేదండి. బయట ఆటో హారను వినపడతానే ఉంది. మా కాలవగట్టు మీద కూర్చున్నట్టు అనుకోమన్నారండి. అనుకున్నాను. తర్వాత మీటింగులో నిలబడ్డట్టు అనుకోమన్నారు. గుండె దడదడలాడిపోయింది. 'కొట్టుకోనివ్వమ్మా, దాని పని అది చేసుకుంటుంది, నీ పని నువ్వు చేసుకో' అన్నారు. అంతేనండి, ఆయ్."

ఇప్పుడు భయం పోయిందా మరి? "ఎక్కడ పోద్దండీ? లేచి నిలబడితే ఇప్పటికీ దడే. రానీ అనుకుని లెక్కలు చదివేస్తాను."

నా మట్టుకు నాకు, వ్యక్తిత్వ వికాసం మీద ఎన్ని పుస్తకాలు చదివినా ఇంత సూటిగా ఎక్కడా దొరకలేదు. ఆవిడ ధైర్యవంతురాలైపోలేదు. తన భయాన్ని తనదిగా ఒప్పుకుని, దానికో పీట వేసి పక్కన కూర్చోబెట్టి, తన పని తాను చేసుకుంటున్నారు. మనల్ని మనం అంగీకరించడమంటే ఇదే.

పెద్ద దుఃఖాల విషయంలో కూడా అంతే. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగాయి. వెయ్యిమందికి పైగా పోయారు. వేటకెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. ఆ రాత్రిని చూసిన వాళ్ళకి గాలి హోరు వింటే ఒళ్ళు జలదరించడం సహజం. "అది మర్చిపోయేలా చెయ్యండి" అని అడిగితే, నిజాయితీ ఉన్న వైద్యుడెవరూ సరేననరు. జ్ఞాపకాన్ని చెరిపే రబ్బరు ముక్క ఎవరి దగ్గరా లేదు. శరీరం బిగుసుకుపోకుండా ఆ జ్ఞాపకం పక్కన కూర్చోవడం మాత్రం నేర్పగలరు. ఇంకో సంగతి. హిప్నాసిస్‌లో గుర్తొచ్చిందంతా జరిగిందేనన్న నమ్మకం పెట్టుకోకూడదు. ఊహ కూడా జ్ఞాపకం వేషం కట్టి వస్తుంది. పూర్వజన్మ చూపిస్తామని వేలకు వేలు గుంజేవాళ్ళ వ్యాపారం నడిచేది ఇక్కడే.

ఇక అసలు చెప్పదలచుకున్నది. అంగీకరించడం వేరు, సర్దుకుపోవడం వేరు. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే హిప్నాసిస్ కూడా మన మెడకే చుట్టుకుంటుంది. "మా ఆవిడకి కోపం ఎక్కువండీ, హిప్నాటిజం చేసి కాస్త తగ్గించండి" అని భర్త తీసుకొచ్చాడనుకోండి. ఆ కోపం దేనికి? జీతం తాగేసి వచ్చినందుకా? చెయ్యి చేసుకున్నందుకా? కువైట్‌లో నాలుగేళ్ళు ఇళ్ళలో పాచిపని చేసి తాను పంపిన డబ్బుకి లెక్క చెప్పనందుకా? అలాంటి కోపాన్ని చల్లార్చడం వైద్యం అనిపించుకోదు. ఇల్లు తగలబడుతుంటే పొగ కనపడకుండా కళ్ళకి గంతలు కట్టినట్టు. నా ఒంటి రంగుని, నా వయసుని, నా భయాన్ని, పోయినవారి కోసం నా దుఃఖాన్ని నేను అంగీకరించాలి. నాకు జరిగే అన్యాయాన్ని అంగీకరించనక్కర్లేదు. నిజానికి మొదటిది చేతనైన రోజే రెండోదాన్ని ఎదిరించే సత్తువ వస్తుంది.

అందుకని ఆ కుర్చీలో కూర్చునే ముందు ప్రతి ఆడదీ అడగాల్సిన ప్రశ్న ఒకటే: నా మనసులోకి వెళ్ళబోయే ఈ మాట ఎవరి కోరిక? నాదా, మా ఇంట్లోవాళ్ళదా? ఏం చెయ్యబోతున్నారో ముందుగా చెప్పించుకుని సరేననడం, వద్దనడం మన హక్కు. మనం లోపల చెప్పుకున్నది గోప్యంగా ఉండాలనడమూ మన హక్కే. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ మాటే చెబుతోంది. ఇక లోపలున్నవన్నీ కక్కేస్తామన్న భయం ఉందే, అది స్టేజీ చూసి తెచ్చుకున్నది. హిప్నాసిస్‌లో తెలివి తప్పదు. చెప్పకూడదనుకున్నది చెప్పకుండా ఉండొచ్చు, మధ్యలో లేచి రావచ్చు. అందరి మీదా ఒకేలా పనిచెయ్యదు కూడా. కొందరికి బాగా, కొందరికి కొద్దిగా, కొందరికి దాదాపు ఏమీ ఉండదు. పనిచేస్తే బలహీనులనీ, చెయ్యకపోతే మొండివాళ్ళనీ అనుకోనక్కర్లేదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? మానసిక వైద్యుడో, అర్హత ఉన్న క్లినికల్ సైకాలజిస్టో అయి ఉండాలి. హిప్నాసిస్ వాళ్ళ సంచిలోని పనిముట్లలో ఒకటిగా ఉండాలి గానీ, సంచంతా అదే కాకూడదు. ఒక్క సిట్టింగులో సర్వరోగాలూ మాయమంటే లేచి వచ్చెయ్యండి. లేని మాటలు చెవిన పడేవాళ్ళు, లేనిపోని అనుమానాలతో సతమతమయ్యేవాళ్ళు డాక్టరు సలహా లేకుండా దీని జోలికి పోకూడదు. వాడుతున్న మాత్రలు మానకూడదు. కూడా ఒకరిని తీసుకెళ్ళడానికి మొహమాటపడొద్దు. అసలు ఎవరిని కలవాలో పాలుపోకపోతే 14416కి ఫోను చెయ్యండి. 2022లో మొదలైన టెలీ మానస్ అది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో హింస ఉంటే ముందు 181కి చెయ్యండి, ఆ తర్వాతే మిగతావి.

చిన్న చిన్న బెరుకులకి ఇంట్లోనే మనకి మనం చెప్పుకోవచ్చు. ఫ్రాన్సులో ఎమిల్ కూఏ అనే మందుల షాపాయన రోజురోజుకీ బాగుపడుతున్నానని పదేపదే అనుకోమని నేర్పి పేరు తెచ్చుకున్నారు. కానీ ఇక్కడో మెలిక ఉంది. 2009లో కెనడా పరిశోధకులు చూస్తే, తమ మీద తమకే నమ్మకం తక్కువగా ఉన్నవాళ్ళు, ప్రేమించదగ్గ మనిషిని నేను అని వల్లె వేసేసరికి ఇంకా దిగులుపడ్డారట. లోపల్నుంచి "నువ్వా? చాల్లే" అని పాత గొంతు వెక్కిరిస్తుంది మరి! అంచేత పెద్ద మాటలొద్దు. మధ్యాహ్నం గిన్నెలు తోముకున్నాకనో, రాత్రి అందరూ పడుకున్నాకనో ఐదు నిమిషాలు చాలు. కళ్ళు మూసుకోండి, ఊపిరి నెమ్మదిగా వదలండి. మనసు కుదుటపడ్డాక, నమ్మగలిగిన ఒక్క చిన్న మాట అనుకోండి. "రేపు బ్యాంకులో నా ఫారం నేనే నింపుతాను. చెయ్యి వణికితే వణకనీ." ఆ పని చేస్తున్నట్టు కళ్ళకి కట్టించుకోండి. మర్నాడు వెళ్ళి నిజంగా చెయ్యండి. చెయ్యకపోతే ఎన్ని మంత్రాలైనా గాలికి పోయినట్టే.

చివరిగా ఒక మాట. మన చెవిన పడ్డ పాత మాటల్ని మార్చుకోడానికి ఇంత అవస్థ పడుతున్నామే, ఈపాటికి మన నోట్లోంచి ఏ మాటలు వెళ్తున్నాయో చూసుకుంటున్నామా? ఈ రాత్రి పక్కలో చేరే కూతురితో, వంటింట్లో కొత్తగా అడుగుపెట్టిన కోడలితో, గిన్నెలు తోమడానికొచ్చే పిల్లతో మనం అనే మాట, ఇంకో ముప్పై ఏళ్ళు వాళ్ళ లోపల వినపడుతూనే ఉంటుంది. కాస్త చూసి అందాం.