వంటింటి మీసాలరాయుడు

చదువరులు నవ్వితే నవ్వండి గాని, అరవయ్యేడేళ్లు వచ్చినా నాకు బొద్దింకంటే భయం. రాత్రివేళ వంటింట్లో దీపం వెయ్యగానే గట్టుమీద ఆ ఎర్రటి వీపు జరజరా పాకిందంటే, మంచినీళ్లు తాగకుండానే వెనక్కి వచ్చి పడుకుంటాను. మా ఆవిడకు పెళ్లయిన నాటినుంచీ ఈ సంగతి తెలుసు. నలుగురిలో మాత్రం, “ఆయనకు రాత్రిళ్లు దాహం వెయ్యదండీ” అంటుంది.

ఈ భయానికి ఖరీదు కూడా చెల్లించాను. 1974లో ఇంటర్మీడియెట్ జంతుశాస్త్రం ప్రాక్టికల్ పరీక్షలో మైనపు పళ్లెంలో పెట్టి నాకొక బొద్దింకను ఇచ్చారు. గుండుసూది పట్టుకుని అరగంట నిలబడి, సూది అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను. నన్ను డాక్టరుగా చూడాలని మా నాన్నగారు అరెకరం అమ్మారు. తప్పానని తెలిసినరోజు ఆయన కోప్పడలేదు. “పోనీలేరా, నీ దస్తూరీ బాగుంటుంది” అన్నారు. ఆ దస్తూరీతోనే గుమాస్తాగిరీ చేసి పదవీ విరమణ చేశాను. పేపరు కష్టంగా వచ్చిందని ఆయనతో చెప్పాను. బొద్దింక మాట చెప్పలేదు.

పోయిన ఆదివారం మా మనవరాలు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. దానిమీద చచ్చిన బొద్దింక. ఇంటర్ మొదటి ఏడు చదువుతోంది. “తాతయ్యా, భూతద్దం పట్టుకో. బొమ్మ వేసుకోవాలి” అంది. పారిపోదామంటే వాలుకుర్చీలోంచి లేవడానికే నాకు రెండు నిమిషాలు పడుతుంది.

సరే, పట్టుకున్నాను. తల కొత్త పెళ్లికూతురిలా కిందికి వంచుకుని ఉంది. పైన డాలులాంటి పెంకు కప్పి ఉండటంవల్ల, వీపువైపునుంచి చూస్తే ఆ తల కనబడనే కనబడదు. ఒక్కొక్క కంట్లో సుమారు 2000 చిన్న చిన్న కళ్లున్నాయట. దవడలు మనలాగా పైకీ కిందికీ కాక, అడకత్తెరను పక్కకు పడుకోబెట్టినట్టు అడ్డంగా ఆడతాయి. మీసాలు ఒంటికంటే పొడుగు. వాసన పట్టేదీ, తడిమి చూసుకునేదీ వాటితోనే.

తల తరవాత రొమ్ము, ఆ తరవాత పొట్ట. రొమ్ములో మూడు ఖండాలు, ఒక్కొక్కదానికి ఒక జత కాళ్లు. రెక్కలూ అక్కడే. పొట్టకు కాళ్లూ లేవు, రెక్కలూ లేవు. చీమను చూడండి, ఈగను చూడండి, సీతాకోకచిలుకను చూడండి, కీటకమైతే ఆరు కాళ్లే, అవీ రొమ్ముకే. ఎనిమిది కాళ్ల సాలెపురుగుకు ఈ కులంలో చోటు లేదు. మన భాష పెద్దమనసుతో తేలునూ పురుగే అంటుంది, రాత్రిపూట పామునూ పురుగే అంటుంది గాని, శాస్త్రం కాళ్లు లెక్కపెట్టిగాని లోపలికి రానివ్వదు.

మనకు ఎముకలు లోపల, దానికి పైన. కైటిన్ అనే పదార్థంతో గట్టిపడ్డ పలకలు పెంకుటింటి కప్పులాగా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఆ పెంకు పెరగదు. అందుకని పిల్ల బొద్దింక పెద్దదయ్యేలోపు పదమూడుసార్లు దాకా చొక్కా విడుస్తుంది. విడిచిన కొత్తలో ఒళ్లు తెల్లగా, మెత్తగా ఉండి, కొన్ని గంటల్లో రంగు తిరుగుతుంది. ఆ మధ్య బీరువా వెనక తెల్ల బొద్దింక కనబడితే మా ఆవిడ అపశకునమని దేవుడి దగ్గర రూపాయి ముడుపు కట్టింది. ముడుపు విప్పమంటే విప్పలేదు.

ఊపిరి ముక్కుతో కాదు, ఒంటికి ఇరుపక్కలా ఉన్న పది జతల రంధ్రాలతో. అందుకే తల తెగినా కొన్నాళ్లు బతుకుతుంది.

నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం తోకవైపున్న రెండు బుల్లి కొమ్ములు. వాటినిండా సన్నటి నూగు. మన చెప్పు ఇంకా దారిలో ఉండగానే, అది తోసిన గాలి ఆ నూగుకు తగులుతుంది. కబురు సరాసరి కాళ్లను కదిలించే నరాలకు వెళుతుంది. సెకనులో ఇరవయ్యోవంతు కాలంలో అది తిరిగి పరుగు లంకించుకుంటుంది. ఇన్నేళ్లూ నా గురిని అనవసరంగా నిందించుకున్నానన్నమాట!

“తాతయ్యా, చెయ్యి వణుకుతోందేం?” అంది పిల్ల.

చెప్పాను. పళ్లెం, సూది, అరెకరం, అన్నీ. మా నాన్నగారికి చెప్పని మాట దానికి చెప్పాను. అది పెన్సిలు ఆపి వింది.

“ముత్తాతగారు తిట్టేవారా?”

“లేదనుకుంటానమ్మా.”

కాసేపు ఊరుకుని, గుండుసూది నా చేతికిచ్చింది. “ఆ రెండు కొమ్ముల మధ్య ఇంకో రెండు పొట్టి ముళ్లుంటే మగది, లేకపోతే ఆడది. తిప్పి చూసి చెప్పు, నేను రాసుకుంటాను.”

చాలాసేపే పట్టింది. తిప్పాను. ముళ్లున్నాయి.

“మగది” అన్నాను.

“ఏమండీ, ఆ చేతులతో కాఫీ గ్లాసు ముట్టుకోకండి!” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

ఆ రాత్రి దాహం వేసి లేచాను. దీపం వేశాను. గట్టుమీద ఒక మీసాలరాయుడున్నాడు. నేను అడుగు వేసేలోపే మాయమయ్యాడు. గాలి తగిలి ఉంటుంది.