నీమో కంటే ముందు నీళ్లు

“మేడమ్, బాబు పుట్టినరోజుకి నీమో అక్వేరియం కొంటున్నాం” అని మొన్న మీటింగ్‌లో ఒకమ్మ చెప్పారు. దయచేసి తొట్టి, చేపలు ఒకే రోజు కొనకండి. ముందు ఉప్పునీళ్లు నింపి, రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లితే వచ్చే అమ్మోనియాను మార్చే బాక్టీరియా పెరగడానికి నెలా నెలన్నర పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చేదాకా నీటి పరీక్షలు బాబు చేతే చేయించి, నోట్‌బుక్‌లో రాయించండి. నీరు ఆవిరై తగ్గితే ఉప్పునీళ్లు కాదు, ఆర్‌ఓ నీళ్లే పోయాలి. ఎందుకో వాడినే చెప్పమనండి!

చిన్న తొట్టిలో నీళ్లు త్వరగా పాడవుతాయి. 100 లీటర్లకు తగ్గొద్దు. డోరీ వద్దు, అడుగు పొడవు పెరుగుతుంది. రాతి పగడాలు అసలే వద్దు, అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. రెసిన్ పగడాలు పెట్టినా నీమోకి పట్టింపు లేదు.