తాళాలగుత్తి

మొన్న సంక్రాంతికి మా ఐ. పోలవరం వెళ్ళినప్పుడు, వరుసకు మేనల్లుడయ్యే కుర్రవాడొకడు పలకరించడానికి వచ్చాడు. ఒక విశ్వవిద్యాలయం (పేరెందుకు లెండి) ప్రయోగశాలలో పొరుగుసేవల ఉద్యోగి. తోటివారితో కలిసి పాలకమండలి పెద్దలకు తమ బాధలు చెప్పుకొని వచ్చాడట.

“ఏమన్నార్రా?”

“జీతం సంగతి చూస్తామన్నారు మావయ్యా. కొత్త యంత్రం నడపడం నేర్పించండని అడిగితే మాత్రం, శిక్షణ పర్మనెంటు వాళ్ళకేనన్నారండి.”

“మరి ఆ పర్మనెంటు ఆయన?”

“రిటైరయిపోయారండి. తాళాలగుత్తి నా చేతిలో పెట్టి వెళ్ళారు.”

జీతాల మాటకొస్తే కోర్టులు చాలానే చెప్పాయి. పర్మనెంటు చేయమని అడిగే హక్కు తాత్కాలికోద్యోగులకు లేదని సుప్రీంకోర్టు 2006లో ఉమాదేవి కేసులో తేల్చింది. అదే కోర్టు 2016లో పంజాబు కేసులో, సమాన పని చేస్తుంటే పర్మనెంటు స్కేలులోని కనీస జీతమైనా ఇమ్మంది. పొరుగుసేవల వారికి అది వర్తిస్తుందా అంటే మళ్ళీ వాదనే! దళారులు జీతం కొరుక్కు తినకుండా మన రాష్ట్రంలో 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థను పెట్టారు. మంచిదే. కాని పని నేర్పే పూచీ ఎవరిది? ఏ యాసిడ్ సీసా ఎక్కడుందో, ఏ మీట నొక్కితే ఫ్యూజు పోతుందో తెలిసిన మనిషి, నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని రొయ్యల చెరువు కాపలాకు పోతే, ఎమ్మెస్సీ పిల్లల ప్రాక్టికల్సు నేను పద్యం చదివి చేయించనా?

“అయితే నువ్వూ పోతావా?” అన్నాను.

“ఇంకా అనుకోలేదండి. మరమ్మతుకొచ్చే కంపెనీ మనిషి పక్కన నిలబడి, చూసి నేర్చుకుంటున్నాను. ఆయన టీ ఖర్చు నాదేనండి, ఆయ్!”