ఓర్వకల్లు సొత్తు: దాఁచుకొను నేర్పు



కర్నూలునుండి నంద్యాలకుఁ బోవు బాటలో ఓర్వకల్లు చేరునప్పటికి బండలు గుంపులుగాఁ గూడి కనఁబడును. ఆ శిలావనమును జూడ యాత్రికులు వచ్చుచున్నారు. 2021 మార్చిలో ఇచ్చట విమానాశ్రయము తెఱవఁబడి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దాల్చినది. అయినను మా యూరికిఁ దరతరముల సొత్తేదని యెవరైన నడిగినచో, దాఁచుకొను నేర్పే యని చెప్పుదును.

మా మండలమందలి కేతవరమున ఆదిమానవుల చిత్రములను నేఁటివఱకు శిలలు దాఁచినవి. మన యవ్వలు జొన్నలను పాతరలో దాఁచిరి. నేలను గోయి త్రవ్వి, చుట్టును గడ్డి పఱచి, గింజ నింపి, మట్టితో మూసెడివారు. గాలియుఁ దేమయు సోఁకనందున పురుగు పట్టెడిది కాదు. పాతరను దెఱచిన వెంటనే యెవ్వరును దిగరాదు. లోని చెడుగాలి పోవువఱకు వేచియుండవలెను. వాన తప్పిన యేఁట ఆ గింజయే యింటిల్లిపాదిని గాచెడిది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి నెదిరించిరి. 1993 అక్టోబరున ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ దినములలోనే, దినమున కొక్క రూపాయి చొప్పున దాఁచు పొదుపు సంఘములు వెలసినవి. పిమ్మట మా మండల స్త్రీలు తమ చిన్న సంఘములను గూర్చి, పొదుపులక్ష్మి ఐక్యసంఘమును నిలుపుకొనిరి. పాతర రూపు మాఱినది, నేర్పు మాఱలేదు.

కాని నేఁడు పొదుపుకంటె అప్పు సులభమైనది. ఋణమును పెండ్లి యాడంబరములకు వెచ్చించి, ఒకచోటి వాయిదాకై మఱియొకచోట అప్పు చేయు నిల్లాండ్రు కలరు. నింపని పాతరను దవ్విన నేమి దొరకును?

అరణ్యపర్వమున ద్రౌపది సత్యభామతో, పాండవుల రాఁబడియు వ్యయమును దా నొక్కతెయే యెఱుఁగుదునని చెప్పినది. ఆ కథ విని మెచ్చుకొను మనము, మన సంతకము పడిన కాగితమున నేమున్నదో యెఱుఁగకుండుట తగునా?

కావున ఈ నెల నొక్కపని చేయుఁడు. సంఘపు పుస్తకమును ముందిడుకొని, మీ పేర దాఁచిన దెంత, తీసికొన్న దెంత, వడ్డీ యెంత యని మీ కొమార్తెచేతఁ జదివించుఁడు. తెలియనిచోట సంఘమున నడుగుఁడు. ఆ బాలికకు మన మీయఁదగిన నగలలో నిదియే మొదటిది.