మంచు వదిలిన నేలను నమ్మకండి

మన నల్లగొండ, పాలమూరుల్లో గుట్టంటే గట్టి రాయి. భువనగిరి కోట ఒకే బండ మీద నిలిచింది. ఇలాంటి నేల మీద పుట్టి పెరిగినవాళ్లం, కొండ కింద ఎక్కడైనా నిశ్చింతగా నడుం వాలుస్తాం. కేదార్‌నాథ్‌కు వెళ్లేవాళ్లు ఆ నమ్మకాన్ని వెంట తీసుకెళ్లకండి.

హిమాలయ లోయల్లో చదునుగా కనిపించే నేల చాలాచోట్ల బండ కాదు. ఒకప్పుడు అక్కడిదాకా హిమానీనదం సాగింది. దానికి దారి చూపింది అటూ ఇటూ ఉన్న కొండలే. ఇరుకులో ఒత్తాయి, వెడల్పులో పరిచాయి, పైనుంచి రాళ్లు రాల్చాయి. మంచు వెనక్కి తగ్గాక ఆ రాళ్లూ మట్టీ గట్లుగా మిగిలాయి. పాత మంచు ఎంతదాకా వచ్చిందో శాస్త్రవేత్తలు ఈ గట్లను చూసే చెబుతారు. కేదార్‌నాథ్ ఎగువన ఉన్న చోరాబారి హిమానీనదం దగ్గర రాళ్ల మీద నాచులా పెరిగే లైకెన్‌ను కొలిచి ఆ గట్ల వయసు లెక్కకట్టారు. మనకు కావలసిన సంగతి ఒక్కటే: మంచు దిగిన దారినే వరదా దిగుతుంది.

ఆ గట్ల వెనక నీరు నిలుస్తుంది. మన చెరువుకు తూము ఉంటుంది, అలుగు ఉంటుంది. అక్కడ కట్ట పోసినవారూ లేరు, అలుగు పెట్టినవారూ లేరు. 2013 జూన్ 17 పొద్దున చోరాబారి సరస్సు గండిపడి నిమిషాల్లో ఖాళీ అయింది. దిగువన రెండు కిలోమీటర్ల దూరంలోనే కేదార్‌నాథ్. గుడి నిలిచింది, చుట్టూ ఉన్న లాడ్జీలు, మనుషులు కొట్టుకుపోయారు. 2023 అక్టోబర్ 3 రాత్రి సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సులోకి పక్క గట్టు జారిపడి, నీరు వరదై దూకింది. ఆ వరదకు చుంగ్‌థాంగ్ డ్యామే కొట్టుకుపోయింది.

వాన లేదు కదా అని ధీమా పడకండి. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో వానే లేదు. రోంతి శిఖరం నుంచి రాయి, మంచు కలిసి విరిగిపడి వరదై దూకాయి. రెండు వందల మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. వారిలో ఎక్కువమంది జలవిద్యుత్ ప్రాజెక్టు కూలీలు.

పాలమూరు అన్నలారా, తమ్ముళ్లారా, అందుకే మీకు మరీ మరీ చెబుతున్నాం. దేశంలో ఎన్ని డ్యాములకు, సొరంగాలకు మీరు చెమటోడ్చారో! కొండల్లో పనికి ఒప్పుకునే ముందు గుంపు మేస్త్రిని అడగండి. క్యాంపు ఏటి ఒడ్డునా, ఎత్తునా? సైరన్ ఉందా? రాత్రి మోగితే ఎటు ఎక్కాలి? జవాబు రాకపోతే అడ్వాన్సు ముట్టకండి.

యాత్రికులారా, ఈ గుర్తులు మనసులో పెట్టుకోండి. ఏరు ఒక్కసారిగా బురదగా మారినా, ఉన్నట్టుండి సన్నబడినా, ఎగువ నుంచి ఆగని మోత వినిపించినా, నేల అదిరినా ఆలోచించకండి. సంచులు వదిలేయండి. వీడియోలు తీస్తూ నిలబడకండి. ఏటి వెంట పరుగెత్తితే వరద మిమ్మల్ని దాటేస్తుంది. పక్క వాలు పట్టుకుని పైకి ఎక్కండి. పిల్లల్ని, పెద్దవాళ్లను ముందు ఎక్కించండి.

వానాకాలంలో ప్రయాణం పెట్టుకోకండి. బస ఏటికి దూరంగా, ఎత్తున చూసుకోండి. ఎక్కడ దిగుతున్నారో ఇంట్లో రాసిపెట్టి వెళ్లండి. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇస్తే, టికెట్ డబ్బు పోయినా సరే, ఆగిపోండి. దర్శనం వచ్చే ఏడు కూడా చేసుకోవచ్చు.