స్టేషన్‌లో తుపాకి, చేనులో పందులు



మా నాయన చనిపోయిన పదిహేనో రోజున ఆయన పేరు మీదున్న నాటు తుపాకిని స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకున్నాం. మూతి నుంచి మందు కూరి పేల్చే పాత తుపాకి అది. తాత కాలం నుంచి పంట కాపలాకే వాడాం. వారసులుగా లైసెన్సు మా పేరు మీదకు మార్చమని ఆ వారంలోనే దరఖాస్తు పెట్టాం. తుపాకి తిరిగి మా చేతికి వచ్చేసరికి నాలుగు వేరుశనగ పంటలు గడిచిపోయాయి.

చేతికొచ్చిన తుపాకిని పేల్చడానికి సిద్ధం చేసుకోను ఎన్నాళ్లు పట్టిందో తెలుసా? రెండు రోజులు!

లైసెన్సు ఉన్న మరమ్మతుదారు దగ్గరికి తీసుకుపోయాం. ఊళ్లో కమ్మరి చేత చేయించకూడదు. మరమ్మతుకు కూడా ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి. ఆయన మొట్టమొదట చేసిన పని, మందు కూరే చువ్వను గొట్టంలోకి వదిలి మూతి దగ్గర సుద్దతో గుర్తు పెట్టడం. తర్వాత అదే చువ్వను గొట్టం బయట ఆనించి చూశాడు. లోపల అది అడుగు దాకా దిగలేదు. నాలుగు వేళ్ల ఎడం ఉంది. నాయన చివరిసారి కూరిన మందు లోపలే ఉందన్నమాట. అప్పగించేటప్పుడు మేము చూడలేదు, తీసుకున్నప్పుడు వాళ్లూ చూడలేదు. నాలుగేళ్లు ఆ తుపాకి మందుతోనే స్టేషన్ గదిలో మూలన ఉంది.

ఇది ప్రతి ఇంటివాళ్లూ గుర్తు పెట్టుకోవాలి. పెద్దవాళ్లు వదిలిపోయిన తుపాకి ఖాళీగా ఉందని ఎప్పుడూ అనుకోవద్దు. నల్లమందు పొడిగా ఉంటే ఎన్నేళ్లయినా అంటుకుంటుంది. పాత మందు ఉందని తెలియక దాని మీద కొత్త మందు కూరితే గొట్టం చీలిపోతుంది. మూతిలోకి తొంగి చూడవద్దు, మీరే కెలకవద్దు. ఆ పని తెలిసినవాడికే వదిలేయండి.

ఆయన ముందు మందును తడిపి, మర ఉన్న చువ్వతో బయటికి లాగాడు. గొట్టం తుప్పు తుడిచి, లోపల గుంటలు పడ్డాయేమో దీపం పెట్టి చూశాడు. క్యాప్ పెట్టే మొన అరిగిపోతే మార్చాడు. ఎత్తిపెట్టిన సుత్తి మీట నొక్కకుండా జారుతోందా అని పదిసార్లు పరీక్షించాడు. మొదటిసారి ఎవరి భుజానికీ ఆనించలేదు. దిమ్మెకు కట్టి, దూరం నుంచి తాడు లాగి పేల్చాడు. మాకు రెండే మాటలు చెప్పాడు. ఒకటి, నల్లమందు తప్ప తూటాల్లో వాడే పొగరాని మందు వేస్తే ఈ గొట్టం ఆగదు, చేతులు పోతాయి. రెండు, పేల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. నల్లమందు మసి తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది.

ఒక పనివాడు రెండు రోజుల్లో, కళ్లెదుట, కారణం చెబుతూ చేసిన పని ఇది. మరి కాగితానికి నాలుగేళ్లు ఎందుకు పట్టింది? ఈ ప్రశ్న అడిగితే పై అధికారి కింది అధికారిని చూపిస్తాడు, కింది అధికారి పై అధికారిని చూపిస్తాడు.

చట్టం ఏమంటోందో చూద్దాం. 1878లో తెల్లదొరలు తెచ్చిన ఆయుధాల చట్టం మన చేతుల్లోంచి ఆయుధాలు లాక్కోవడానికే వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక దాని స్థానంలో 1959 చట్టం వచ్చింది. నిజమైన పంట రక్షణ కోసం మూతి నుంచి మందు కూరే తుపాకి అడిగిన పౌరుడికి లైసెన్సు ఇవ్వాలని దాని 13వ సెక్షన్ చెబుతోంది. ఇవ్వవచ్చు అని కాదు, ఇవ్వాలి అని! 14వ సెక్షన్‌లో ఉన్న కారణాలుంటే తప్ప తిరస్కరించడానికి లేదు. గడువులోగా పోలీసు నివేదిక రాకపోతే, దానికోసం ఇంకా ఆగకుండా ఉత్తర్వు ఇచ్చే అధికారం కూడా లైసెన్సు అధికారికి ఉంది. ఆ అధికారం మా విషయంలో ఎవరూ వాడలేదు.

సరే, లైసెన్సు వచ్చింది. చేనులో పందిని కాల్చవచ్చా? కూడదు. దానికి 1972 వన్యప్రాణి చట్టం కింద వేరే అనుమతి కావాలి. నిలిచి ఉన్న పంటకు ప్రమాదమైన జంతువును వేటాడటానికి 11వ సెక్షన్ కింద అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతి కాగితం నడిచి వచ్చేలోపల పందుల మంద ఒక్క రాత్రిలో ఎకరం వేరుశనగను ముట్టెతో దున్నిపోతుంది. కాయ పట్టే వేళ నెల రోజులు మంచె మీద డబ్బాలు కొడుతూ జాగారం చేసేది మనమే. నిజం చెప్పాలంటే, చాలా రాత్రులు మాకు గుండుతో పనిలేదు. ఒట్టి మందు చప్పుడుకే మంద కొండ ఎక్కుతుంది. మాకు కావలసింది పంది ప్రాణం కాదు, మా పంట.

ఈ దారులన్నీ మూసేస్తే ఏం జరుగుతుంది? రైతు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతాడు. మా పక్క ఊళ్లో తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి పోయిన కుర్రాడు పక్క చేని తీగ తగిలి గట్టు మీదే ప్రాణం విడిచాడు. తీగ పెట్టినవాడు కూడా చిన్న రైతే. ఒక ఇంట్లో శవం, ఇంకో ఇంట్లో జైలు. పందులు మర్నాటి రాత్రి మళ్లీ వచ్చాయి. తీగకు మనిషి, పశువు, పంది తేడా తెలియదు. దాన్ని మేము ఎన్నడూ సమర్థించం. ఏ సభ్యుడు పెట్టినా సంఘం నిలదీయాలి. కానీ ఆ తీగ దాకా రైతును నెట్టింది ఎవరో కూడా నిలదీయాలి.

తుపాకులు ఇస్తే అడవిలో జింకలను వేటాడతారని కొందరంటారు. అలా చేసేవాళ్లు ఉన్నారు, లేరని మేము అనం. వాళ్లను పట్టుకోండి, శిక్షించండి. అయితే నంబరు, పేరు, ఊరు రాసి ఉన్న లైసెన్సు తుపాకిని పట్టుకోవడం తేలికా, పొదల్లో దాచిన దొంగ తుపాకిని పట్టుకోవడం తేలికా? కాగితం ఇవ్వకుండా సతాయిస్తే దొంగ తుపాకులే పెరుగుతాయి.

వేరే రాష్ట్రాలను చూడండి. కేరళలో 2022లో పంటలు పాడుచేసే అడవిపందులను కాల్చడానికి ఉత్తర్వు ఇచ్చే అధికారం స్థానిక సంస్థల అధ్యక్షులకే ఇచ్చారు. అదే చట్టం, అదే దేశం. అక్కడ వీలైంది ఇక్కడ ఎందుకు వీలు కాదు?

అందుకే మేము అడుగుతున్నాం. వారసత్వ పంట రక్షణ లైసెన్సుల దరఖాస్తులను సీజను మొదలయ్యేలోపల తేల్చాలి. 2016 నియమాలు అడిగే ఆయుధ భద్రతా శిక్షణను మండల కేంద్రంలోనే, ఖర్చు లేకుండా ఇవ్వాలి. అప్పగించిన ప్రతి తుపాకిని ఖాళీగా ఉందో లేదో చూశాకే గదిలో పెట్టాలి. పందుల విషయంలో అనుమతి గ్రామ స్థాయిలో, ఒక రోజులో దొరకాలి. నష్టపరిహారం పంట కోత అయ్యేలోపల చేతికి అందాలి.

సభ్యులకూ ఒక మాట. లైసెన్సు లేని తుపాకి అటక మీద ఉంటే, 2019 సవరణ తర్వాత దానికి శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల జైలు. ఇంటి పెద్ద పోయాక ఆలస్యం చేయకుండా స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించండి, రసీదు తీసుకోండి. పెద్దాయన బతికి ఉండగానే, డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకి పాతికేళ్లుగా ఆయన పేరున ఉన్నా, వారసుడి పేర లైసెన్సు అడగడానికి 2016 నియమాల్లో వీలుంది. మేము ఆ పని చేసి ఉంటే నాలుగు పంటలు కాచుకునేవాళ్లం. తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి, 18వ సెక్షన్ కింద అప్పీలు చేయండి. మీ రసీదు నకలు, దరఖాస్తు నకలు సంఘం కార్యాలయానికి తీసుకురండి. ఒక్కొక్కరం తిరిగితే చెప్పులే అరుగుతాయి. కలిసి పోదాం.

తుపాకి సిద్ధం చేసుకోవడం మనకు వచ్చు. ఇక సిద్ధం కావలసింది కచేరీలు.