బెర్లినులో బాలల తీర్పు

అంతర్జాతీయ చలనచిత్రోత్సవమను మాట వినగానే మన కన్నుల యెదుట నిలుచునవి ఎర్ర తివాచి, దానిపై నడచు తారలు, వారి చుట్టును మూగిన కెమెరాల మెరుపులు. పత్రికలు మనకు చూపునది అంతియే గనుక ఇందు పాఠకుల తప్పేమియు లేదు. కాని అట్టి ఉత్సవమొకదానిలో బడిపిల్లలకును ఒక పని కలదనియు, ఆ పని తీర్పు చెప్పుటయే యనియు మన ఉపాధ్యాయలోకమున ఎందరెరుగుదురో!

బెర్లిను చిత్రోత్సవము 1951లో ప్రారంభమైనది. తొలుత వేసవిలో జరుగుచుండెడిది. 1978లో ఫిబ్రవరి చలిలోనికి మారినది. ఆ యేడే పిల్లల చిత్రములకు ప్రత్యేక విభాగమును నెలకొల్పిరి. దానికిప్పుడు 'జనరేషన్' అని పేరు. అందు చిన్నపిల్లల శాఖ యొకటి. పదునాలుగేండ్లు నిండినవారికై 2004లో చేర్చిన శాఖ మరియొకటి. చిన్నపిల్లల శాఖలో పెద్దల న్యాయనిర్ణేతలతోపాటు బెర్లిను నగరపు బాలబాలికలును న్యాయనిర్ణేతలుగా కూర్చుందురు. 2014లో వారు పదునొకండుగురు. వారిని ఎన్నుకొను పద్ధతి నన్ను మిక్కిలి ఆకర్షించినది. ముందటి యేడు ఉత్సవములో చిత్రమును చూచి, ప్రశ్నపత్రముపై తమ అభిప్రాయమును వ్రాసి పంపిన పిల్లలనుండి వీరిని ఏరుదురు. ఆ వ్రాతయే వారికి ప్రవేశపత్రము.

ఇట్లెన్నికైన విద్యార్థికి ఆ దినములు సెలవుదినములు కావు. పోటీలోని చిత్రములన్నియు చూడవలెను. చిత్రము మరాఠీది కావచ్చును, స్వీడిషుది కావచ్చును. తెరపై ఆంగ్లానువాదము నడచుచుండును. హాలులోనే ఒకరు మైకు ముందు కూర్చుండి సంభాషణలను అప్పటికప్పుడు జర్మను భాషలో చదువుచుందురు; దాని మాటున అసలు పాత్రల కంఠస్వరము వినవచ్చుచునే యుండును. మూకీల కాలమున మన హాళ్లలో తెర ప్రక్క నిలిచి కథ చెప్పిన వ్యాఖ్యాత ఇచ్చట జ్ఞప్తికి రాక మానడు. ప్రదర్శన ముగిసిన పిదప దర్శకుడు వేదిక మీదికి వచ్చును, పిల్లలు ప్రశ్నింతురు. తుదకు న్యాయనిర్ణేతలైన పిల్లలు తమలో తాము చర్చించి, పెద్ద చిత్రమున కొకటి, పొట్టి చిత్రమున కొకటి చొప్పున స్ఫటికపు ఎలుగుబంటి బొమ్మను బహూకరింతురు.

"పిల్లలకేమి తెలియును? గెంతులు, కొట్లాటలు గల చిత్రమునకే చప్పట్లు చరతురు" అనువారు మనలో కలరు. వారు 2014 నాటి తీర్పును చూడవలెను. ఆ యేడు బెర్లిను పిల్లలు మెచ్చినది అవినాష్ అరుణ్ తీసిన 'కిల్లా' యను మరాఠీ చిత్రము. తండ్రిని పోగొట్టుకొనిన పదునొకండేండ్ల బాలుడు, ప్రభుత్వోద్యోగమున బదిలీయైన తల్లి వెంట పుణె విడిచి కొంకణ తీరమున ఒక చిన్న ఊరు చేరును. క్రొత్త బడి, క్రొత్త చెలికాండ్రు, పాత కోట, ఎడతెగని వాన. ఒకనాడు చెలికాండ్రు ఆ బాలుని కోటలో ఒంటరిగా విడిచి పోదురు. కథ మెల్లగా నడచును, కేకలు లేవు. బదిలీ యన నేమో, నడి సంవత్సరమున బడి మారిన పిల్లవాని ముఖ మెట్లుండునో మన ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కర లేదు. కొంకణ మెచ్చట నున్నదో ఎరుగని పిల్లలకును ఆ ముఖము అర్థమైనది.

మరుసటి యేడు తీర్పు ఇంకను విచిత్రమైనది. హైదరాబాదులో పుట్టిన నగేష్ కుకునూర్ దర్శకత్వము వహించిన 'ధనక్' అందు పోటీలో నుండెను. రాజస్థాన్ ఎడారిలో పదేండ్ల అక్క, చూపులేని ఎనిమిదేండ్ల తమ్మునకు కన్నులు తెప్పింపనెంచి, సినిమానటుడు షారుఖ్ ఖాన్‌ను వెదకుచు బయలుదేరు తీయని కథ అది. పెద్దలతో కూడిన అంతర్జాతీయ న్యాయనిర్ణేతల సంఘము ప్రథమ బహుమానమును దానికే ఇచ్చినది. పిల్లలు మాత్రము దానిని ప్రత్యేకముగ ప్రశంసించి ఊరకుండిరి. తమ ఎలుగుబంటిని స్వీడనుకు చెందిన సన్నా లెంకెన్ తీసిన 'మై స్కిన్నీ సిస్టర్' అను చిత్రమున కిచ్చిరి. మంచుపై నాట్యమాడు అక్క తిండి మాని చిక్కి శల్యమగుచుండును. చెల్లెలు ఆ రహస్యమును కనిపెట్టును. తల్లిదండ్రులకు చెప్పవలదని అక్క ఆమెను కట్టడి చేయును. చెప్పిన అక్కకు ద్రోహము, చెప్పకున్న అక్క ప్రాణమునకు ముప్పు. పిల్లలకు తీపి చాలునని పెద్దలు తలతుము. పిల్లలు చేదును ఎన్నుకొనిరి. ఇరువురిలో ఎవరి తీర్పు సరియైనదను వాదము నాకు పట్టదు. తీర్పులు వేరగుటకు ఎడమిచ్చిన ఆ ఏర్పాటే నాకు ముఖ్యము.

నేడు పై చదువులకై జర్మనీ పోవు తెలుగు విద్యార్థులు తక్కువవారు కారు. బెర్లిను ఉత్సవమునకు టిక్కెట్లు సామాన్య ప్రజలకును అమ్ముదురు. తారల దర్శనమునకై చలిలో గంటల తరబడి నిలిచి ఫొటో తీసి ఇంటికి పంపుటకంటె, ఒక ఉదయము ఈ పిల్లల ప్రదర్శనకు పోయి, వెనుక వరుసలో కూర్చుండి, వారడుగు ప్రశ్నలను వినుట మేలని నా అభిప్రాయము. రోజునకు నాలుగైదు చిత్రములు చూచితినని లెక్క చెప్పుకొనువారిని చూచిన నాకు జాలి కలుగును. నాలుగవ చిత్రము నాటికి మొదటిది మరపునకు వచ్చును గదా.

మనకును ఉత్సవములు లేకపోలేదు. 'బంగారు ఏనుగు' పేర ప్రసిద్ధమైన బాలల చిత్రోత్సవమునకు హైదరాబాదు పలుమారులు ఆతిథ్యమిచ్చినది. 2017 నవంబరులోను అచ్చట జరిగినది. పిల్లలను వరుసలుగా నిలిపి బస్సులలో కొనిపోయి చిత్రము చూపుట మంచిదే. మరునాడు తరగతిలో ఏమి జరిగినదన్నదే నా ప్రశ్న. గణితము ఎక్కడ ఆగెనో అక్కడనుండి మరల మొదలయ్యెనా, లేక చూచిన చిత్రమును గూర్చి ఎవరైన ఒక్క మాట యడిగిరా?

మన బడులలో తరతరములుగా వ్రాయించు వ్యాసమొకటి కలదు: 'సినిమాల వలన లాభనష్టములు'. లాభములు నాలుగు, నష్టములు నాలుగు. సినిమా చూడని పిల్లవాడును దానిని కంఠస్థము చేసి వ్రాయగలడు. దానిని ఈ యేడు ప్రక్కన పెట్టి, తాను చూచిన ఒక్క చిత్రమును గూర్చి ఒక్క పుట వ్రాయుమనుడు. మొదటిసారి "చాల బాగున్నది" అని ఒక్క వాక్యము వ్రాసి పుస్తకము మూసివేయును. పుస్తకము తెరిపించి, ఏ దృశ్యమున, ఎందువలన అని అడుగుడు.